రాత్రిపూట బూట్లు

డాక్టరు చెప్పాల్సింది చెప్పి, కట్టు వేయడానికి పిలుస్తారు, బయట కూర్చోండి అన్నాడు. వచ్చి కూర్చున్నాం, మా అమ్మ బెంచీకి ఆ చివర, నేను ఈ చివర, మధ్యలో అంజిగాడు బిస్కెట్టు నాకుతూ, మా అమ్మ ఒడిలో ఆ బూట్లు. వాటిని చూస్తుంటే నాకు ఒళ్లు మండిపోతోంది. రెండు చిన్న తోలు బూట్లు, రెంటినీ కలుపుతూ ఒక ఇనుప పట్టీ. రాత్రి పడుకోబెట్టేటప్పుడు పిల్లాడి కాళ్లకు తొడగాలి, పొద్దున విప్పాలి, అంతే, బ్రహ్మవిద్యేం కాదు. ఈ జత ఇచ్చి ఎన్ని నెలలైంది, ఎంత కొత్తగా ఉన్నాయో చూడు. నేను గిద్దలూరులో కుట్టుమిషను పెట్టుకుని బతుకుతున్నదాన్ని, తొడిగిన బట్టకీ తొడగని బట్టకీ తేడా నాకు చెయ్యి పెట్టకుండానే తెలుస్తుంది. తోలైనా అంతే కదా, తొడిగితే నలుగుతుంది, చెమటకు లోపల నల్లబడుతుంది, వేళ్ల దగ్గర మడత పడుతుంది. ఇవి మాత్రం దుకాణంలో అద్దం వెనక పెట్టినట్టు నిగనిగలాడుతున్నాయి. డాక్టరూ అదే చూశాడు. వాటిని అటూ ఇటూ తిప్పి, అంజిగాడి మడమ పట్టుకుని, "మడమ మళ్లీ పైకి లేచింది, పాదం లోపలికి తిరుగుతోంది. బూట్లు మానేస్తే ఇలాగే అవుతుంది. మళ్లీ పిండికట్లు మొదలుపెడదాం. ఇంకోసారి మానేశారంటే మాత్రం పెద్ద ఆపరేషనే, అప్పుడు కూడా పూర్తిగా తిన్నగా వస్తుందని నేను మాటివ్వలేను" అన్నాడు. అని నా మొహం చూశాడు, తర్వాత నా కాలు చూశాడు. పెద్దమనిషి, చూపు వెంటనే తిప్పేసుకున్నాడు, కానీ చూశాడు. నువ్వయినా చూసుకోవద్దా తల్లీ అన్నట్టు. మా అమ్మ గోడ మీద పోలియో చుక్కల బొమ్మ చూస్తూ నిలబడింది. తీసింది నేనే సారూ అన్న ఒక్క మాట ఆమె నోట్లోంచి రాలేదు, తిట్లు నాకు, బొమ్మలు ఆమెకు.

ఈ రోజు చెప్పేస్తాను. కట్టు పడ్డాక, బస్టాండుకు వెళ్లేలోపు చెప్పేస్తాను. అమా, అంజిగాడు ఇంక నీ దగ్గర ఉండడు, నాతో వస్తాడు, నువ్వు గిద్దలూరులో దిగి రాచర్ల ఆటో ఎక్కి నీ మేకల దగ్గరికి పో. అంత మాటే చెప్పాలి, అంతకంటే ఎక్కువ చెబితే ఏడుస్తుంది, ఏడిస్తే నేను తగ్గుతాను, తగ్గకూడదు. వీడు నా తమ్ముడు రమణ కొడుకు. రమణా, వాడి పెళ్లాం లక్ష్మీకుమారీ గొర్రెల మందను తోలుకుని కాలవల కింద కోతలయిన పొలాల్లోకి పోయారు, మా వైపు గడ్డిపోచ కూడా లేని ఎండల్లో ఏటా పోయేదే. ఆ పిల్ల ఏడ్చుకుంటూ పోయింది. వెంట తీసుకుపోతే, రోజుకో పొలంలో పడక, వానొస్తే గోనెపట్టా, బూట్లు సరిగ్గా వేయడం కుదరదని, కేవలం ఆ బూట్ల కోసం, పాలు మరిచిన పిల్లాణ్ణి అత్త దగ్గర వదిలిపెట్టి పోయింది. నిన్న ఫోన్ చేసి విషయం చెబితే అవతల చాలాసేపు గొర్రెల అరుపులే వినిపించాయి. ఎట్లా క్షమిస్తాను నేను ఈమెను? ఆ పిల్ల క్షమించినా నేను క్షమించను.

అంజిగాడు బెంచీ దిగి నేల మీద అడుగులేస్తున్నాడు, కుడికాలు ముందువేళ్ల మీదే ఆనుతోంది, వాడికేం తెలుసు, నవ్వుతున్నాడు. వాడు పుట్టిన రోజు నాకు ఇంకా కళ్ల ముందే ఉంది. గ్రహణం వస్తే కడుపుతో ఉన్నవాళ్లు కదలకూడదు కదా, నేను కడుపులో ఉన్నప్పుడు మా అమ్మ కదిలిందట, దొడ్డి తడికె తాడు తెగితే గొర్రెలు బయటపడతాయని గ్రహణం నడుస్తుండగా కూర్చుని తాడు పేనిందట, అందుకని ఆ తాడు తిరిగినట్టు నా పాదం తిరిగిందట. ఊరంతా చెప్పే మాట. చిన్నప్పుడు నేనూ నమ్మాను, తాడు పేనేవాళ్లను చూస్తే నాకు కాలు నొప్పి పుట్టేది. మరి లక్ష్మీకుమారి ఏం చేసింది? గ్రహణం పట్టి విడిచేదాకా చీకటింట్లో చాప మీద వెల్లకిలా పడుకుని, దాహమన్నా నీళ్లు తాగకుండా, దోమ కుట్టినా గోక్కోకుండా ఉంది, మా అమ్మే తలుపు దగ్గర కాపలా కూర్చుంది. అయినా పుట్టాడు వీడు, కుడిపాదం లోపలికి మడిచిపెట్టుకుని. అప్పుడైనా గ్రహణాన్ని వదిలేస్తారు కదా, నవ్వుకుని ఊరుకుంటారు కదా, లేదు. పిల్లాణ్ణి చూడ్డానికి వచ్చిన ప్రతి మనిషీ ముందు వాడి కాలు చూసి, తర్వాత గది మూలకు తిరిగి నా కాలు చూశారు. "మేనత్త కాలు దిగినాదే" అంది ఒకామె, ముక్కు మంచిగా ఉంది, జుట్టు మంచిగా ఉంది అన్నంత మామూలుగా. వాడికి నేనే అంటించినట్టు. చీర కుచ్చిళ్లు లాగి కాలు కప్పుకుని కూర్చున్నాను ఆ రోజంతా.

కప్పుకోవడం నాకు బాగా అలవాటు. బస్సులో కప్పుకుంటాను, గుళ్లో కప్పుకుంటాను, ఇక్కడ ఈ బెంచీ మీద, అందరి పిల్లల కాళ్లూ వంకరగానే ఉన్న చోట కూడా కప్పుకునే కూర్చున్నాను. నేను నడిచేది అరికాలి మీద కాదు, పాదం బయటి అంచు మీద, అక్కడ చర్మం కాయగట్టి గొర్రె డెక్కలా గట్టిపడింది. నాకు సరిపోయే చెప్పు ఏ దుకాణంలోనూ లేదు, కొన్నదాన్ని నేనే కోసి పట్టీ కుట్టుకుంటాను. మిషను ఎడమకాలితో తొక్కుతాను. బడిలో ఏమన్నారో చెప్పుకుంటే ఏడుపు తప్ప ఏముంది, చూడ్డానికి వచ్చినవాళ్లు ఎట్లా పోయారో చెప్పుకుంటే నవ్వు తప్ప ఏముంది, ఒకాయనైతే కాఫీ తాగుతూ, అమ్మాయి నడిచి చూపిస్తుందా అన్నాడు, సంతలో జీవాన్ని చూసినట్టు. నడవను అన్నాను. ఆ కాఫీ గ్లాసు ఇంకా ఇంట్లోనే ఉంది, ఎప్పుడు చూసినా నేలకేసి కొట్టాలనిపిస్తుంది. అందరూ అడిగేది ఒకటే, చిన్నప్పుడు ఎక్కడా చూపించలేదా? లేదు అని చెబుతాను. చూపించలేదు. గొర్రెకు రోగమొస్తే పశువుల డాక్టరు దగ్గరికి పరిగెత్తినవాళ్లు నన్ను ఎక్కడా చూపించలేదు. ఆ ఒక్క మాట మీదే నేను ఇన్నాళ్లూ మా అమ్మతో బతికాను, పండక్కి పోతాను, పెట్టింది తింటాను, కానీ లోపల ఆ మాట అట్లాగే ఉంటుంది. కాలు చూసుకున్నప్పుడల్లా మోకాలి కింద ముందెముక మీద పొడుగాటి మచ్చ కూడా కనిపిస్తుంది. పాకే వయసులో పొయ్యిలో కాలు పెట్టావే అని చెప్పింది అమ్మ. వైద్యం లేదు సరే, పొయ్యి దగ్గర చూసుకునే దిక్కు కూడా లేదన్నమాట.

అందుకే వీడి విషయంలో నేను పట్టుబట్టాను. పుట్టిన రెండోవారంలోనే నేనూ లక్ష్మీకుమారీ ఎత్తుకుని వచ్చాం ఇక్కడికి. మా అమ్మ రాలేదు. వారం వారం వచ్చాం, పాత కట్టు నానబెట్టి విప్పడం, డాక్టరు పాదాన్ని మెత్తగా కొద్దికొద్దిగా తిప్పడం, తిప్పిన చోట కొత్త కట్టు. ప్రతి వారం ఆ పాదం కాస్త బయటికి తిరిగేది. ఆఖర్న మడమ వెనక చిన్న కోత పెట్టారు, వాడు ఏడ్చింది కూడా తక్కువే, పాలు తాగి పడుకున్నాడు. అంతే. అంతేనా అనిపించింది నాకు. ఇంత చిన్న పనా ఇది? కట్లు ఉన్నన్నాళ్లూ మా అమ్మ వాణ్ణి ఎత్తుకోలేదు. సద్ది కట్టుకుని మేకల వెంట పోయేది, చీకటి పడ్డాక వచ్చి దూరంగా కూర్చునేది, లక్ష్మీకుమారి ఏడ్చినా లెక్కచేయలేదు. ఏం మొండితనం ఇది అనుకున్నాను. కట్లు పోయాక మళ్లీ మామూలు, వాడు నేల మీద ఉన్నది లేదు, ఎప్పుడూ ఆమె చంకలోనే. ఏడాది నిండిన నాలుగు రోజులకు వాడు నా కొట్లో మిషను కాలు పట్టుకుని నిలబడ్డాడు. రెండు అరికాళ్లూ నేలకు ఆనించి, రెండు మడమలూ ఆనించి. నేను ఏడ్చాను. సంతోషంతో ఏడ్చానని చుట్టూ ఉన్నవాళ్లు అనుకున్నారు. సగమే సంతోషం. మిగతా సగం మంట, వాడి మీద కాదు, వాడి మీద నాకెందుకు, ఇంత సులువుగా అయ్యే పనిని నాకు చేయించని మనుషుల మీద.

మరి అంత చూసిందాన్ని, ఆ బూట్లు సరిగ్గా పడుతున్నాయా లేదా అని నాకు ముందే ఎందుకు తెలియలేదు? నేను ఆదివారం పోయేదాన్ని, పగటి బస్సుకు పోయి పగటి బస్సుకు వచ్చేదాన్ని. బూట్లు రాత్రికి. ఏస్తున్నావా అమా అంటే ఏస్తున్నా అనేది. మొన్న అమ్మ వాణ్ణి తీసుకుని గిద్దలూరు వచ్చింది, కొట్టు ముందు బిందె దగ్గర నీళ్లలో ఆడి లోపలికి పరిగెత్తాడు, సిమెంటు నేల మీద తడి అడుగులు పడ్డాయి. ఎడమ అడుగు నిండుగా ఉంది. కుడి అడుగుకు మడమ లేదు. వేళ్లూ, పాదం అంచూ, అంతే. నేను చేతిలో కత్తెర పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను, ఎందుకంటే ఆ అడుగు నాకు తెలుసు, స్నానం చేసి వచ్చిన ప్రతిసారీ నా వెనకాల పడే అడుగే అది. కొట్టు మూసి, ఆటో ఎక్కించి, ఊరికి తీసుకుపోయాను. బూట్లు చూరులో దోపి ఉన్నాయి. కొత్తవి కొత్తగా.

"ఎందుకు తీసినావు?" అంటే, అబద్ధం ఆడదు మా అమ్మ, అడిగితే చెప్పేస్తుంది, అడక్కపోతే చెప్పదు. "అది బందం గాదా? మేపుకు పోయేటప్పుడు దొంగ మేకకు ముందరికాళ్లకు ఏస్తాము చూడు, అదే గదా? బందం పగలు ఏస్తారే. దొడ్లోకి వచ్చినాక ఏ జీవానికన్నా బందం ఉంచుతామా? మీ నాయన ఎంత దొంగదానికైనా రాత్రికి ఇప్పేటోడు. పగలంతా ఇడిసిపెట్టి, నిద్దర్లో కాళ్లు కట్టెయ్యమంటారు, ఇదేం వైద్యమే? గింజుకున్నాడు పిల్లోడు. ఇప్పేసినా. హాయిగా పండుకున్నాడు."

హాయిగా పండుకున్నాడట! ఇంక ఆమెతో ఏం మాట్లాడతాం. పుట్టినప్పటినుంచీ దొడ్డీ బందమూ గొర్రే మేకా తప్ప ఏమీ తెలియని మనిషి, డాక్టరు చెప్పిన మాటను కూడా తీసుకుపోయి దొడ్లో కట్టేసింది. జీవానికి రాత్రి బందం విప్పేది అది ఎక్కడికీ పోదని, కానీ పాదం పోతుందే అమ్మా, నిద్రలోనే పోతుంది, తెలియకుండా రాత్రికింత రాత్రికింత వెనక్కి పోతుంది, అందుకే కదా రాత్రి కట్టమన్నది, నాలుగేళ్లు నిండేదాకా కట్టమన్నది. ఎన్నిసార్లు చెప్పాను? అసలు చెప్పానా? లక్ష్మీకుమారికి చెప్పారు ఇక్కడ, ఆ పిల్ల పోతూ పోతూ అత్తకు చెప్పింది, రాత్రికి బూట్లేయి అత్తా అని. ఎందుకో ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదేమో. అయినా సరే, చెప్పింది చెయ్యడానికి ఎందుకో తెలియాలా? ఈ రోజు నేను ఈమెను ఇక్కడికి లాక్కొచ్చింది అందుకే, నువ్వు చేసిన పని నీ చెవులతో నువ్వే విను అని. విన్నది. విని పోలియో బొమ్మ చూసింది.

బెంచీలన్నీ నిండాయి. యర్రగొండపాలెం దాటి అడవి పక్క ఊరి నుంచి వచ్చినామె తెల్లవారుజామున బయల్దేరిందట, ఒళ్లో పసిగుడ్డు, రెండు పాదాలూ లోపలికే. ఆమె నా కాలు చూస్తోంది, కప్పుకున్నా తెలిసిపోతుంది. ఎటువంటి చూపో నాకు తెలుసు, నా బిడ్డ ఇట్లా అవుతుందా అనే చూపు. కాదమ్మా, నీ బిడ్డకేం కాదు, ఇంట్లో మా అమ్మలాంటి మనిషి లేకపోతే ఏం కాదు అని అరవాలనిపించింది. ఇంతలో కట్లు వేసే అతను పిండి అంటిన చేతులతో, నీళ్ల బకెట్టూ తెల్లటి చుట్టలూ పట్టుకుని మా ముందు నుంచి లోపలికి పోయాడు. తడిసిన సున్నంలాంటి వాసన వచ్చింది. తల తిప్పి చూస్తే మా అమ్మ లేదు. బూట్లు బెంచీ మీద ఉన్నాయి. అంజిగాడూ లేడు.

గేటు దాకా పరిగెత్తాను. నేను పరిగెత్తడం అందరూ చూశారు, చూడనీ. సుగంధి షర్బతు బండి దగ్గర దొరికింది, పిల్లాణ్ణి భుజానేసుకుని, కొంగు వాడి తల మీద కప్పి, రోడ్డు దాటబోతోంది. రెక్క పట్టుకుని ఆపాను.

"యాడికి పోతుండావు?"

"ఇంటికి. కట్టొద్దే. రాత్రి బూట్లేస్తాలే, ఒట్టు, మీ నాయన మీద ఒట్టు, ఇడిసేది లేదు. ఆ కట్టు మాత్రం వద్దు. అదే వాసన."

"ఏం వాసన?"

"నీకేసినప్పటి వాసన."

నాకు అర్థం కాలేదు. నాకేసినప్పుడేంది, నాకు ఎవరు వేశారు? సుగంధి బండతను మమ్మల్ని చూసీ చూడనట్టు గ్లాసులు కడుగుతున్నాడు. మా అమ్మ రోడ్డు మీద పోయే బస్సును చూస్తూ చెప్పింది, నా మొహం చూడలేదు. "నెల్లోపలి పిల్లవు. ఎముకల డాక్టరు ఉన్నాడంటే రెండు బస్సులు మారి పోయినా. తొడ దాకా ఏసినాడు. వారానికి రా, ఫో అన్నాడు, ఇంకేం చెప్పలా. మీ నాయన మంద ఎంట ఉన్నాడు, ఇంట్లో నేనొక్కదాన్నే. ఆ రాత్రి పట్టుకున్నావు ఏడుపు, పాలు తాగలా, ఎక్కిళ్లు పట్టినాయి, దీపం దెచ్చి చూస్తే వేళ్లు నల్లగా, నేరేడుపండ్ల మాదిరి. కాలు కుళ్లిపోతాదనుకున్నా. గొర్రెబొచ్చు కత్తిరించే కత్తెర దెచ్చి కోసినా. అది రాయి మాదిరి ఉంది, తెగదు, గట్టిగా నొక్కితే లోపల నీ కాలు గూడా తెగింది."

మచ్చ. పొయ్యి కాదన్నమాట. "మళ్లా పోలేదా?" అన్నాను.

"పోయినాను గదే. కట్టు కోసుకొచ్చినావు, నీ బిడ్డకు నువ్వే చేసుకున్నావు, ఇంగ నా దగ్గరికి రావాకు అన్నాడు. నిన్ను ముట్టుకోను గూడా ముట్టుకోలా. యాడికి పోయేది ఇంగ."

"మరి పొయ్యి అని చెప్పినావే నాకు!"

"నేనే కోసినానని నీతో యెట్ల చెప్పేదే?"

ఎట్లా చెప్పేదట! నోటితో చెప్పాలి. నేను బడి నుంచి ఏడ్చుకుంటూ వచ్చిన రోజు చెప్పాలి, కాఫీ తాగినాయన లేచిపోయిన రోజు చెప్పాలి. చూపించలేదు, చూపించలేదు, చూపించలేదు అని నేను ఊరందరికీ చెబుతుంటే పక్కనే కూర్చుని అన్నం కలుపుకుందే, ఒక్కసారైనా, చూపించినానమ్మా అని అనాలి కదా! ఇన్నేళ్ల కోపాన్ని తప్పు మనిషి మీద పెట్టి మోశానా నేను? తప్పు మనిషి అని కూడా అనలేను, కోసింది ఈమే, మళ్లీ బూట్లు తీసింది ఈమే. కానీ ఆ డాక్టరు. పేరు కూడా ఈమెకు గుర్తు లేదు, ఉన్నాడో పోయాడో. వారానికి రా అన్నాడు, ఇంట్లో ఒంటరిగా ఉన్న పచ్చి బాలింతకు, వేళ్లు ఎట్లా ఉండాలో చెప్పలేదు, ఏడిస్తే ఏం చేయాలో చెప్పలేదు, చెప్పకుండా పంపి, తిరిగొస్తే తిట్టాడు. తిట్టు మాత్రం వివరంగా తిట్టాడు. ఆ తిట్టే ఈమె ఇన్నేళ్లూ దాచుకుంది. కట్లున్నన్నాళ్లూ అంజిగాణ్ణి ఎత్తుకోకుండా మేకల వెంట పోయింది మొండితనం కాదు, భయం. ఎత్తుకుంటే వేళ్లు చూడాల్సి వస్తుందని. చూస్తే మళ్లీ కత్తెర చేతికొస్తుందేమోనని. నాకిప్పుడు ఎవరి మీద అరవాలో తెలియక బండి పక్కన నిలబడి ఉన్నాను, కోపం అట్లాగే ఉంది, మనిషే దొరకడం లేదు.

లోపలి నుంచి హెప్సిబా వచ్చింది, ఇక్కడ పిల్లల పేర్లు పిలిచి తల్లులతో మాట్లాడే అమ్మాయి. "ఏందక్కా, ఎండలో నిలబడినారు? మీ వంతు వచ్చింది, రాండి."

"మా అమ్మ నిన్నొకటి అడగాలంట" అన్నాను.

మా అమ్మ నా వైపు చూసింది. అడుగు, అన్నాను, అడక్కపోతే పిల్లోణ్ణి నీకు ఇచ్చేది లేదు. నా గొంతు ఎంత గట్టిగా ఉందో నాకే వినిపించింది. ఆమె పిల్లాడి వీపు నిమిరింది. తర్వాత, "వేళ్లు నల్లబడితే ఎట్లమ్మా?" అంది, దొంగతనం ఒప్పుకుంటున్న గొంతుతో.

హెప్సిబా నవ్వలేదు, విసుక్కోలేదు. లోపలికి తీసుకుపోయింది. అంజిగాడు మా అమ్మ ఒడిలోనే, నోట్లో పాలసీసా, డాక్టరు పాదం పట్టుకున్నాడు, దూది చుట్టారు, తడి చుట్ట చుట్టారు, తొడ దాకా. మా అమ్మ కళ్లు మూసుకునే ఉంది. అయిపోయాక హెప్సిబా ఆమె బొటనవేలు పట్టుకుని అంజిగాడి కాలి బొటనవేలి గోరు మీద పెట్టింది. "వేళ్లు బయటికే ఉంటాయి చూడు అవ్వా. ఇట్ల నొక్కు. తెల్లగైంది గదా? ఇప్పుడు వదులు. ఎర్రగా వచ్చేసిందా? అట్ల వస్తుంటే రక్తం ఆడుతున్నట్టే, ఏం భయం లేదు. రాకపోయినా, వేళ్లు నల్లగా, చల్లగా ఉన్నా, ఉబ్బినా ఏ టైమైనా సరే నాకు ఫోన్ చెయ్యి, వెంటనే తీసుకొచ్చెయ్యి. నువ్వు మాత్రం కొయ్యొద్దు."

"ఇంతేనా?" అంది మా అమ్మ.

"ఇంతే అవ్వా."

ఇంతే. గోరు మీద వేలు పెట్టి నొక్కి వదలడం, రక్తం వచ్చిందా లేదా చూడటం, ఊపిరి పీల్చినంత సేపు పట్టదు చెప్పడానికి. ఈ మాట నా కాలంత ఖరీదైన మాట. ఆ రోజు ఎవరో ఒకరు, ఆ డాక్టరు కాకపోతే కట్లు కట్టినవాడు, వాడు కాకపోతే చీటీ ఇచ్చినవాడు, ఈ ఇంత మాట ఒక ఇరవై ఏళ్ల పిల్లకు చెప్పి పంపి ఉంటే నేను ఈ గది నుంచి ఆ బెంచీ దాకా మామూలు మనిషిలా నడిచి పోయేదాన్ని. నాకు గోడలు బాదాలనిపించింది. బాదలేదు, పిల్లలున్నారు.

కట్టు ఆరేదాకా కూర్చోమన్నారు, మళ్లీ అదే బెంచీ. అంజిగాడు మా అమ్మ ఒళ్లో నిద్రపోయాడు, తెల్లటి కాలు బయటికి చాపుకుని. ఆమె నొక్కుతోంది. నొక్కి వదిలి, చూసి, మళ్లీ నొక్కుతోంది, ఒక్కో వేలూ. యర్రగొండపాలెం ఆమె పక్కకు జరిగి చూస్తుంటే ఆమెకూ చూపించింది, "ఇట్ల నొక్కు తల్లీ, తెల్లగై ఎర్రగా రావాల" అని, తనే పుట్టించిన వైద్యమైనట్టు. నేను దాచి పెట్టుకున్న మాట నోట్లోనే ఉంది. కానీ ఈ రాత్రి కట్టు కాలితో నేను వాణ్ణి నా కొట్టు వెనక గదిలో పడుకోబెట్టుకుంటే, పొద్దుటి నుంచి మిషను తొక్కినదాన్ని, పడ్డానంటే తెల్లారేదాకా లేవను. ఈమె పడుకోదు. నాకు తెలుసు, తెల్లారేదాకా కూర్చుని ఆ వేళ్లు నొక్కుతూనే ఉంటుంది. "ఇంగ నువ్వు గూడా గిద్దలూరులోనే ఉండు" అన్నాను విసురుగా. "కట్లు అయినాక బూట్లు నా కళ్ల ముందర ఏసేది, నా కళ్ల ముందర ఇప్పేది. మేకలను పక్కింటోళ్లు చూసుకుంటారు." సరే అంది, అంత తొందరగా సరే అన్నందుకు కూడా కోపమొచ్చింది.

అప్పుడు వంగింది. ఒళ్లో పిల్లాడు కదలకుండా ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో నా చీర అంచు జరిపి, నేను కుట్టుకున్న చెప్పులోంచి నా కుడిపాదం బయటికి తీసింది. బెంచీల నిండా మనుషులు. నాకు తెలిసి నా కాలిని ఆమె ముట్టుకోవడం నేను ఎన్నడూ చూడలేదు, తలంటేటప్పుడు కూడా మోకాలి దగ్గరే ఆగిపోయేది. బొటనవేలి గోరు మీద తన వేలు పెట్టి నొక్కింది. వదిలింది. తలొంచి దగ్గరగా చూసింది, చూపు ఆనదు ఆమెకిప్పుడు.

"నీకు గూడా ఆ పొద్దు ఇట్ల నొక్కి చూసింటే ఎర్రగా వచ్చేదేమోనే" అంది. "నిజంగా నల్లబడినాయో, దీపం ఎలుతురుకు నాకట్ల కనపడినాయో. ఆ పొద్దు నుంచి అదే అనుకుంటా ఉండా."

నేనేమన్నా ఈమె ఒప్పుకుంటుంది. నల్లబడలేదమ్మా, పిల్లలన్నాక ఏడుస్తారు, నువ్వు భయపడి నా కాలు తీసేశావు అంటే తల ఊపి, అంతే ఒప్పుకుని, చచ్చేదాకా మోస్తుంది. అనడానికి నాకు హక్కుంది. ఈ కాలు నాది. నేను చూడని వేళ్లు, నాకు గుర్తులేని ఏడుపు, నల్లగా ఉన్నాయో లేవో ఈ లోకంలో ఎవరికీ తెలియదు, నన్ను తప్ప ఇంకెవరినీ ఈమె అడగలేదు. నా పాదం ఇంకా ఆమె చేతిలోనే ఉంది, అందరూ చూస్తున్నారు, కప్పుకోలేదు.

"నల్లబడే ఉంటాయిలే అమా" అన్నాను. మెత్తగా అందామనుకున్నాను, తిట్టినట్టే వచ్చింది. "నువ్వు కొయ్యకపోతే కాలే పోయిండేది."